నాలుగింటి పీరియడ్

టైమరును అరవై దాకా తిప్పి కిటికీ గట్టు మీద పెట్టాక గాని తనేం చేశాడో ఆయనకు తెలియలేదు. చెయ్యి తన పని తాను చేసేసింది. టమాటా ఆకారంలో, ఎర్రగా, నెత్తిన ఆకుపచ్చ తొడిమతో ఉండే ఆ వంటింటి టైమరు టిక్కుటిక్కుమంటూ మొదలుపెట్టింది. గోడ గడియారంలో నాలుగు. ఎదురుగా పరుపు చుట్టేసిన మంచం. ఒళ్లో అట్ట, అట్ట మీద తెల్లకాగితం, కాగితం పైమూలన పన్నెండు అన్న అంకె, దాని కింద ఏమీ లేదు. ఐదింటికి ఎడిటరు వస్తుంది. ఒకప్పుడు తన క్లాసులో మూడో బెంచీలో కూర్చున్న పిల్ల, ఇప్పుడు పిల్లల పుస్తకాలు వేసే సంస్థలో బొమ్మల పుస్తకాలన్నీ ఆ అమ్మాయి చేతి మీదే నడుస్తాయి. మూడు గడువులు దాటనిచ్చింది, ఒక్క మాట అనలేదు. నాలుగోసారి మాత్రం ఫోనులో, సార్, ఈ ఐదింటికి ఆ పేజీ చేతికి రాకపోతే ఈ ఏటి జాబితాలోంచి మన పుస్తకం తీసెయ్యాల్సి వస్తుంది, వచ్చే ఏడు చూద్దాం అంది. వచ్చే ఏడు అన్నప్పుడు ఆయనకు తన సంగతి తట్టలేదు, పెయింటరు చెయ్యి గుర్తొచ్చింది. పదకొండు బొమ్మలు వేసిన ఆ చెయ్యి వచ్చే ఏటికి స్పూను పట్టుకుంటుందో లేదో.

పెయింటరుది వెనక వీధి. నలభై ఏళ్లు దుకాణాల బోర్డులు రాసినవాడు, స్కేలు పెట్టకుండా ఇరవై అడుగుల పొడుగున అక్షరాలు దించినవాడు. ప్లాస్టిక్ బోర్డులొచ్చి ఆ పని పోయింది, పని పోయిన మూడేళ్లకు చెయ్యి వణకడం మొదలుపెట్టింది. నయం మాస్టారూ, పనుండగా వణికితే తలకట్లన్నీ కొమ్ములయ్యేవి అని నవ్వాడొకసారి. పొద్దున పది దాటితే కుంచె మాట వినదు. అందుకని ఎనిమిదింటికే కూర్చుని, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఒక్కో బొమ్మకు నెల చొప్పున పదకొండు వేశాడు. పదకొండోది ఇచ్చి వెళ్తూ గుమ్మంలో ఆగి, పన్నెండోది ఈ చెయ్యి ఆడుతుండగానే చెప్పండి అన్నాడు. అని నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలల్లో ఆయన నవలలో రెండు అధ్యాయాలు తిరగరాశాడు, రేడియో నాటకంలో ఎనిమిదో భాగం సగం చేశాడు, సంభావ్యత మీద మామూలు జనం కోసం రాస్తున్న పుస్తకానికి ముందుమాట మార్చాడు. పని చెయ్యలేదని ఎవరూ అనడానికి లేదు. ఉద్యోగం వదిలిన దగ్గర్నుంచీ ఆయన్ని ఆ మాట అనడానికి ఎవరికీ సందు దొరకలేదు, అలా ఏర్పాటు చేసుకున్నాడు.

వదిలి ఎనిమిదేళ్లు. గణాంకశాస్త్రం, ఇరవై ఆరేళ్లు, అదే మెట్లు, అదే సుద్దముక్క. రాజీనామా ఇచ్చిన రోజున స్టాఫు రూములో నవల, నాటకం, మామూలు జనానికి లెక్కల పుస్తకం అని వేళ్లు ముడిచి చెబుతుంటే, పక్క కుర్చీలోని ఎకనమిక్సు ఆయన టీ ఊదుకుంటూ, అన్ని పడవల మీద కాళ్లు పెట్టడానికి నీకున్నవి రెండేగా అన్నాడు. అందరితో పాటు తనూ నవ్వాడు. గంట బాధ తప్పితే చాలన్నాడు. గంట కొడితే వాక్యం మధ్యలోనైనా ఆపేసేవాడు ఆయన. సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని వెళ్లిపోయేవాడు, మర్నాడొచ్చి సరిగ్గా ఆ వాక్యంలో రెండో సగంతో మొదలుపెట్టేవాడు. పిల్లలు వెనకాల గంట మాస్టారనేవాళ్లు, అది విన్నప్పుడు లోపల గర్వంగా కూడా ఉండేది. మూడో బెంచీ పిల్లకు ఇప్పటికీ గుర్తే. మీ వాక్యం రెండో సగం ఏమై ఉంటుందా అని మేం సాయంత్రమంతా పందేలు కట్టుకునేవాళ్లం సార్ అంది మొన్న. అలాంటి గంట నుంచి పారిపోయి వచ్చి, ఇంట్లో అడుగు పెట్టిన వారానికే ఏం చేశాడు? వంటింట్లోంచి ఈ టమాటాను పట్టుకొచ్చాడు. అట్ట మీద గీతలు గీసి టైంటేబులు వేశాడు. తొమ్మిది నుంచి పదకొండు నవల, పదకొండు నుంచి ఒంటిగంట నాటకం, రెండు నుంచి నాలుగు లెక్కల పుస్తకం, ఐదు నుంచి మళ్లీ వాటిలో ఏది వెనకబడితే అది. ఒక్కో పనికి ఒక్కో బల్ల. నవలకు భోజనాల బల్ల, నాటకానికి వరండా. లెక్కల పుస్తకానికి బల్ల లేదు, భార్య కుట్టుమిషను మూత వేసి ఉంటే చదునుగా కనిపించింది. కొన్నాళ్లేగా అన్నాడు. కొన్నాళ్లే కదండీ అంది ఆవిడ. ఆ తర్వాత మంచం అంచున కూర్చుని చేత్తోనే కుట్టుకునేది. ఆయన కాగితాలు ఫ్యాను గాలికి ఎగురుతుంటే సూదులు గుచ్చుకునే మెత్త తెచ్చి వాటి మీద బరువు పెట్టింది. గుడ్లు అంచనా మీద ఉడకబెట్టడం నేర్చుకుంది. మొదటి వారం ఒకరోజు పచ్చసొన కారేది, ఒకరోజు రబ్బరు బంతిలా ఉండేది. మీ నవల బాగా వస్తే చాలు, గుడ్డుదేముంది అనేది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందా లేదా అని అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు రోజూ ఆలోచిస్తాడు, లేదనే అనిపిస్తుంది, లేకపోవడమే కష్టంగా ఉంటుంది.

కిటికీ లోంచి ఎండ మంచం కోడు దాకా వచ్చింది. ఈ గదిలో ఎండ సాయంత్రమే వస్తుంది. జబ్బు చేశాక ఆవిడ మంచం ఇటు జరపమంది అందుకే. ఏడు నెలలు. మొదటి నెల అంతా ఆయన ఏ బల్ల దగ్గరున్నా చెవి ఇక్కడే ఉండేది, రాసింది రాసినట్టు కొట్టేసేవాడు, నాటకం కావాలన్న రేడియోవాళ్లు రెండుసార్లు అడిగారు. అప్పుడు ఒక పరిష్కారం తోచింది. తోచినప్పుడు ఎంత తేలికపడ్డాడో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. టైంటేబులులో నాలుగు నుంచి ఐదు ఖాళీగా ఉంది, టీకి వదిలిన గంట. దాని మీద ఒక ఆకుపచ్చ చీటీ అంటించాడు. ఆవిడ పేరు రాయబోయి చెయ్యి రాక, మాటలు, అని రాశాడు. మర్నాడు ఆవిడ గోడ పట్టుకుని స్నానానికి వెళ్తూ దాని ముందు ఆగింది. చాలాసేపు చదివింది, ఉన్నదేమో మూడక్షరాలు. మాటలని రాశారు గాని ఎవరితోనో రాయలేదేం అంది. నవ్వుతూనే అంది. ఆ సాయంత్రం వాళ్ల అక్కతో ఫోనులో చెబుతుంటే వరండాలోకి వినపడింది: నాకు రోజూ క్లాసుందే అక్కా, నాలుగింటికి. మాస్టారు ఒక్క నిమిషం ఆలస్యం కారు. హాజరు కూడా వేస్తారేమో, నేనెలాగూ లేచి పోలేనుగా.

ఒక్క నిమిషం ఆలస్యమయ్యేవాడు కాదు, నిజం. నాలుగు కొడుతుండగా ఈ కుర్చీలో ఉండేవాడు. ఆవిడ పోయి రెండేళ్లయింది, ఇప్పటికీ ఉంటాడు. ఆ గంటను మరే పనికీ ఇవ్వలేకపోయాడు. చీటీ రంగు వెలిసి పసుపయింది, తీసి ఇంకోటి అంటించబోతే గోరు ఆగిపోతుంది. వచ్చి కూర్చుంటాడు, టైమరు తిప్పుతాడు, ఐదింటికి మోగితే లేస్తాడు. ఏ పనీ చెయ్యడు. కాగితం ఒళ్లో పెట్టుకుని ఇక్కడ కూర్చోవడం ఇదే మొదలు. దొంగతనం చేస్తున్నట్టుంది.

ఆ గంటలో ఆవిడ కథలు చెప్పేది. పెద్ద కథలేం కావు, చిన్నప్పటివి. చెబుతూ మధ్యలో ఆగేది. ఊఁ కొట్టండి, లేకపోతే గోడకు చెప్పుకున్నట్టుంటుంది అనేది. ఆయనకు ఊఁ కొట్టడం చేతనయ్యేది కాదు. ఇరవై ఆరేళ్లు చెప్పే వైపు నిలబడ్డవాడు, వినే వైపు కూర్చునేసరికి మర్యాదగా, కదలకుండా, పరీక్ష హాల్లో కాపలా ఉన్నవాడిలా వినేవాడు. అప్పుడప్పుడు కళ్లు కిటికీ గట్టు మీదకు పోయేవి. ఆవిడ చూసేది. చూసి, ఒక్కోసారి టైమరింకా మోగకముందే, అయిందేమో చూడండి అనేది. పంపించేసేది. ఈ సంగతి ఆయనకు ఆలస్యంగా, చాలా ఆలస్యంగా, ఒకరోజు పాలు కాస్తుండగా తెలిసింది: పని పోతుందని కాదు తను టైమరు పెట్టుకున్నది. ఈ గదిలోకి రావడానికి భయం. మందుల వాసన, సన్నబడిపోతున్న ఆ మణికట్లు, వాటి నుంచి జారిపోతున్న గాజులు, ఏమీ చెయ్యలేకపోవడం. అరవై నిమిషాలకు తలుపు తెరుచుకుంటుందని ముందే తెలిస్తే తప్ప లోపలికి రాలేని పిరికితనం. అది ఆవిడకు మొదటి రోజే తెలిసిపోయింది. తెలిసి, ఐదు నిమిషాల ముందే వదిలిపెట్టేది. పాలు పొంగి పొయ్యి మీద పడి మాడిపోయాయి ఆ రోజు.

ఇవేవీ కాదు, ఇప్పుడు రాయాల్సింది పన్నెండో పేజీ, ఆవిడ చెప్పిన కథకు ముగింపు. కోటు. ఎడిటరుకు కోటు కథ అని తెలుసు, ఎవరి కోటో తెలియదు. కల్పించారా సార్ అంటే, కొంత అన్నాడు. ఆవిడ నాన్న దర్జీ. ఎవరో పొడుగాటి మనిషి ఒక బూడిదరంగు కోటు తెచ్చి, చేతులు పొట్టి చెయ్యమని ఇచ్చి, మళ్లీ రాలేదు. తలుపు వెనక మేకుకు ఏళ్ల తరబడి వేలాడింది. నాన్న ఏటా దింపి, దులిపి, మళ్లీ తగిలించేవాడట, మనిషి రేపే వస్తాడన్నట్టు. ఐదేళ్లప్పుడు దాని అంచు నా నెత్తికి తగిలేది, ఆరేళ్లప్పుడు ముక్కుకు, ఏడేళ్లకు జేబులో చెయ్యి పెట్టేదాన్ని అని చెప్పింది. మేకు కదల్లేదు, కోటు కదల్లేదు, నేనే ఎదిగానండీ. ఎనిమిదేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం నాన్న మిషను మీద తల పెట్టి కునుకుతుంటే, స్టూలెక్కి కోటు దించి, తొడుక్కుని, వీధిలోకి వెళ్లిందట. కోటుకు దారి తెలుసనుకున్నానండీ, అదే వాళ్లింటికి తీసుకెళ్తుందనుకున్నాను. పొట్టి చేసిన చేతులు కూడా మోకాళ్ల దాకా వేలాడుతూ, అంచు నేల ఊడుస్తూ. మంగలిని అడిగింది, ఈ కోటు మీదా అని. ఉత్తరాలు పంచే ఆయన్ని అడిగింది. రంపపు పొట్టు నిండిన వడ్రంగిని అడిగింది, ఆయన తొడుక్కుని చూపించి, పొట్ట దగ్గర బొత్తాము పెట్టలేక, నాది కాదమ్మా అన్నాడట విచారంగా. ఒక కుక్క మాత్రం తనదే అన్నట్టు వెంటపడింది. చెబుతుంటే ఆవిడ ముఖంలోకి నెలల తర్వాత రంగు వచ్చింది. మోచేతుల మీద లేచి కూర్చుంది, తలగడ తనే సర్దుకుంది. వీధి చివర మలుపుంటుందండీ, దాని అవతలికి నేనెప్పుడూ వెళ్లలేదు, నాన్న వద్దనేవాడు. కుక్క ఆగిపోయింది. నేను మలుపు తిరిగానా, తిరిగేసరికి అక్కడ…

టైమరు మోగింది.

లేచాడు. కాళ్లు లేచాయి. దుప్పటి మీంచి ఆవిడ పాదం తట్టి, మిగతాది రేపు అన్నాడు. ఆవిడ నోరు ఇంకా తెరిచే ఉంది. తర్వాత మూసుకుంది, తల ఊపింది, తలగడ మీదకు వాలింది. ఆయన వెళ్లి వరండాలో నాటకం ముందు కూర్చున్నాడు. ఆ రోజు తొందరపని ఏమైనా ఉందా అని ఎన్నోసార్లు వెతికాడు, ఉంటే బాగుండుననిపించి. లేదు. ఆ సాయంత్రం రాసింది ఒకటిన్నర వాక్యం. అందులో అర కొట్టేశాడు. మర్నాడు నాలుగింటికి కుర్చీ దగ్గరకు లాక్కుని, ఇరవై ఆరేళ్లు క్లాసులో అన్నట్టే అన్నాడు, నిన్న ఎక్కడ ఆపాం? ఆవిడ కళ్లు మూసుకునే నవ్వింది. ఎక్కడా ఆపలేదులెండి. అంతే, అయిపోయింది. మర్చిపోయిందా? ఓపిక లేదా? లేక ఇచ్చేదాన్ని వెనక్కి తీసుకుందా? ఆ తర్వాత తొమ్మిది రోజులే ఉంది. మందు మార్చారు, ఎక్కువ నిద్ర. తొమ్మిది రోజుల్లో ఒక్క రోజైనా టైమరు పెట్టకుండా కూర్చుని ఉంటే చెప్పేదేమో. పెట్టాడు. తొమ్మిది రోజులూ పెట్టాడు.

వాళ్ల అక్కకు ఫోను చేశాడు, పుస్తకం మొదలుపెట్టాక. మీ నాన్నగారి షాపులో ఒక కోటుండేదట వదినా, అది వేసుకుని చెల్లెలు వీధి చివరికి వెళ్లిందట, అక్కడేమైంది? నాన్న షాపులో అన్నీ ఎవరో ఒకరు మర్చిపోయినవేనండీ మరిదిగారూ, ఏ కోటని గుర్తుంటుంది? నాకెప్పుడూ చెప్పలేదది. చెబితే మీకే చెప్పి ఉండాలి. ఆ చివరి మాట వదిన ఓదార్పుగానే అంది పాపం.

అందుకని కల్పించడం మొదలుపెట్టాడు. తొమ్మిది ముగింపులు. మలుపు అవతల కోటాయన ముసలివాడై కూర్చుని ఉంటాడు. కాదు. వణుకుతున్న ఎవరికో కోటు ఇచ్చేస్తుంది. కాదు. నాన్న వెతుక్కుంటూ వస్తాడు. ఇది ఎడిటరుకు నచ్చింది, కళ్లు తుడుచుకుంది కూడా, సరేననేస్తే ఈపాటికి పుస్తకం వచ్చేసేది. అనలేకపోయాడు. ప్రతి ముగింపూ చదివి చూసుకుంటే ఆవిడ కళ్లు మూసుకుని నవ్వినట్టుండేది, అంతేలెండి అని. కలం అక్కడ ఆగగానే ఎక్కడో టైమరు మోగేది, నవల పిలిచేది, హాయిగా లేచి వెళ్లేవాడు. నాలుగు పనులుండటంలో సుఖం అదే. ఏ పనిలోనైనా మలుపు దగ్గరకు రాగానే ఇంకో పని గంట కొడుతుంది. నవలలో వంతెన కట్టే ఇంజనీరు నాలుగు వందల పేజీల నుంచి ఒడ్డునే నిలబడి ఉన్నాడు. పదమూడు భాగాల నాటకంలో భార్యాభర్తలు ఏడు భాగాలుగా ఒకరికొకరు చెప్పుకోవలసింది చెప్పుకోకుండా కాఫీ తాగుతున్నారు. అన్నీ సగాలే. రెండో సగాలు రేపటి క్లాసుకు.

గేటు చప్పుడైంది. అప్పుడేనా అని గడియారం చూశాడు, ఐదుకు పది నిమిషాలు. ఎడిటరు కాదు, చెప్పులు ఈడుస్తున్న చప్పుడు. పెయింటరు ఎప్పుడూ తలుపు కొట్టడు, వణికే చేత్తో కొడితే అప్పులవాడు కొట్టినట్టుంటుందంటాడు. లోపలికొచ్చి గది గుమ్మంలో నిలబడ్డాడు. చంకలో పాత క్యాలెండరు అట్టలో చుట్టిన కాగితం. ఆ అమ్మాయి నాకూ ఫోను చేసింది మాస్టారూ, అన్నాడు. వేళ కాని వేళ వచ్చినందుకు ఏమీ అనుకోకండి. మీరెటూ చెప్పరని తెలిసిపోయి, ఎంతవరకు తెలుసో అంతవరకు వేసేశాను. మూడు వారాలు పట్టింది. మీకు నచ్చకపోతే చింపెయ్యండి, నాకేం బాధ లేదు. అంటూనే అట్టను గట్టిగా పట్టుకున్నాడు.

మంచం మీద పరిచాడు, చుట్టేసిన పరుపు పక్కన. నాలుగు మూలలా నిలవకపోతే టైమరు తీసి ఒక మూల పెట్టాడు, మిగిలిన మూడు మూలలకు ఆయన చెయ్యి, పెయింటరు చెయ్యి, మిషను మీంచి తెచ్చిన సూదిమెత్త. పెయింటరు చెయ్యి ఉన్న మూల సన్నగా కొట్టుకుంటోంది. బొమ్మలో మలుపు గోడ, గోడ అంచున పిల్ల. అవతలికి సగం తిరిగి ఉంది, కాని ముఖం ఇటు తిప్పింది, బొమ్మ చూసేవాళ్ల వైపు. అక్కడేదో చూసేసింది. కళ్లు పెద్దవయ్యాయి, కోటు చెయ్యి ఒకటి గాలిలో ఉంది, నోరు తెరిచి ఉంది. గోడ అవతలేముందో లేదు, కాగితం అక్కడితో సరి. గీతలు కొన్నిచోట్ల వంకర, వణికిన చోట కోటు అంచు గాలికి కదిలినట్టుంది.

ఆ అవతలేముందో నాకు తెలీదుగా, అన్నాడు పెయింటరు. మీకూ తెలీదని ఆరో బొమ్మప్పుడే అర్థమైంది. పిల్లకు తెలుసు. అందుకని చెప్పబోతున్నట్టు వేశాను.

ఆయన బొమ్మ మీదికి వంగాడు. ఆ నోరు. పెయింటరు ఆవిడను చూసింది రెండుసార్లో మూడుసార్లో, అదీ గుమ్మంలోంచి. పోలిక పట్టడానికి వీల్లేదు, పట్టనూ లేదు, ముక్కు వేరు, జుట్టు వేరు. అయినా సరే, మాట వాకిట్లోకి వచ్చి ఎవరో తలుపు తీస్తారని నిలబడ్డట్టున్న ఆ నోరు. ఇన్నాళ్లూ తను వెతికింది ఆవిడ చెప్పబోయిన మాట. దొరకదు, ఇక దొరకదు. అది ఆవిడతోనే పోయింది, తనే తలుపు వేసి పంపాడు. కాని ఆ మాటకు ముందు ఇంకో మాట ఉండాలి, అది ఆవిడది కాదు, తనది. ఆ రోజు తను అనాల్సింది. ఎన్నోసార్లు అడిగింది కూడా, నోరు తెరిచి అడిగింది. ఒళ్లో అట్ట తీసుకుని, పన్నెండు కింద, ఎక్కువ ఆలోచించకుండా, రాశాడు.

ఊఁ… తర్వాత?

పెయింటరు మెడ చాచి చదివాడు. ఇంతేనా అన్నాడు. పిల్లలు ఊరుకోరు మాస్టారూ, ఏమైందో చెప్పమని పీక్కు తింటారు ఆ అమ్మాయిని అన్నాడు. మళ్లీ చదివి, తల ఊపాడు, అది ఒప్పుకోవడమో వణుకో తెలియలేదు.

టైమరు మోగింది. కాగితం మూల అదురుతోంది. ఆయన కాళ్లు వాటంతటవే లేచాయి, కుర్చీ చేతుల మీద బరువు పడింది, సగం లేచాడు. సగం లేచినవాడు అలా ఉండిపోయాడు కొంతసేపు, ఇరవై ఆరేళ్లూ ఆ పైన ఎనిమిదేళ్లూ మోకాళ్లలో నిలబడి ఉండగా. తర్వాత మెల్లిగా, నీళ్లలోకి దిగినట్టు, మళ్లీ కూర్చున్నాడు. టైమరును ఆపలేదు. అది మోగి మోగి, గొంతు తగ్గి, టిక్కుమని ఆగింది. ఆగాక గది ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆయనకు తెలియదు. ఎప్పుడూ ఈపాటికి వరండాలో ఉండేవాడు. ఎండ మంచం మీదకు ఎక్కింది. ఐదు తర్వాత ఎండ మంచం మీదకు వస్తుందన్నమాట. ఆవిడ ఏడు నెలలూ ఇది ఒక్కతే చూసింది.

బయట గేటు, చకచకా అడుగులు, సార్ అన్న పిలుపు. పెయింటరు కళ్లతోనే మీరుండండి అని చెప్పి, చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లి తలుపు తీశాడు. ఎడిటరు గొంతు మెల్లిగా, భయంగా, అయిందా అని అడగడం వినపడింది.

అయిందమ్మా, అన్నాడు పెయింటరు. ఆయన లోపల కూర్చున్నారు. కాసేపు కూర్చోనివ్వు.